లాక్ పట్టుకుంటే కాపీ కుదరదు, వదిలేస్తే ఎంట్రీ మిగలదు: ఈ క్యాష్‌ని ఏం చేయాలి?

ఉప్పల్_కుర్రాడు:
అందరికీ నమస్తే. అమీర్‌పేటలో లైనక్స్ డ్రైవర్ల కోర్సు చేసి రాయదుర్గంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఒకాయన రాసిన డ్రైవర్ నా నెత్తిన పడింది. నాలుగు కోర్ల ఆర్మ్ బోర్డు. సెన్సర్ల క్యాలిబ్రేషన్ విలువలను ప్రతిసారీ చిప్ నుంచి చదవకుండా ఒక లింక్డ్ లిస్టులో క్యాష్ చేసి పెట్టాడు. వెతికే ఫంక్షన్ స్పిన్‌లాక్ (దొరికేదాకా కోర్ తిరుగుతూ ఎదురుచూసే లాక్) తీసుకుంటుంది, ఎంట్రీ దొరకగానే లాక్ వదిలేసి పాయింటర్ చేతికిస్తుంది. రీడ్ కాల్ ఆ పాయింటర్ నుంచి యూజర్ బఫర్‌లోకి కాపీ చేస్తుంది. ఎంట్రీలు 64 దాటితే వర్క్‌క్యూలో (కెర్నల్ వెనకాల నడిపే పనుల వరుసలో) ఇంకో ఫంక్షన్ పాతవాటిని ఫ్రీ చేస్తుంది.

ఎప్పుడో ఒకసారి కస్టమర్ దగ్గర క్రాష్ అయ్యేదట. కాసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ టూల్) ఆన్ చేసి, అన్ని కోర్ల మీదా రీడ్‌లు బాదుతూ వదిలి టీకి వెళ్లొచ్చేసరికి 'యూజ్ ఆఫ్టర్ ఫ్రీ' (ఫ్రీ చేసిన మెమరీనే మళ్లీ వాడుతున్నారని) రిపోర్టు రెడీ. మా లీడ్ "కాపీ అయ్యేదాకా లాక్ వదలకు, అంతే" అన్నారు. అలా చేస్తే 'స్లీపింగ్ ఫంక్షన్ కాల్డ్ ఫ్రమ్ ఇన్‌వ్యాలిడ్ కాంటెక్స్ట్' అంటూ లాగ్ నిండిపోతోంది. మ్యూటెక్స్ (ఎదురుచూస్తూ నిద్రపోయే లాక్) పెడదామంటే ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా ఇవే ఎంట్రీల్లో విలువలు మారుస్తుంది, అది నిద్రపోకూడదు. ఆర్‌సీయూ (చదివేవాళ్లు లాక్ తీసుకోకుండానే చదివే పద్ధతి) వాడితే అన్నీ పోతాయని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. సోమవారం డెమో. టెన్షన్‌గా ఉంది.

కేపీహెచ్‌బీ_కెర్నల్:
హ్యాండ్లర్‌ని థ్రెడెడ్ ఐఆర్‌క్యూ చేసెయ్ భాయ్. అప్పుడది కెర్నల్ థ్రెడ్‌లో నడుస్తుంది, నిద్రపోయినా ఇబ్బంది లేదు. స్పిన్‌లాక్ తీసేసి అంతటా మ్యూటెక్సే. డెమో గట్టెక్కుతుంది.

పాత_మలక్‌పేట:
పై సలహా తప్పు కాదు. కానీ డెమోకి రెండ్రోజుల ముందు ఇంటరప్ట్ దారి మార్చడం నాకు ఇష్టం ఉండదు. లేటెన్సీ మారుతుంది, దాని మీద ఇంకేం ఆధారపడి ఉందో నీకింకా తెలీదు.

తమ్ముడూ, ముందు ఆ లాక్ దేన్ని కాపాడుతోందో చూడు. లిస్టు లింకులను కాపాడుతోంది, బాగానే కాపాడుతోంది. ఎంట్రీ ప్రాణానికి మాత్రం కాపలా లేదు. వెతికే ఫంక్షన్ లాక్ వదిలిన క్షణం నుంచి నీ చేతిలో ఉన్నది ఉత్త అడ్రసు. పెళ్లి భోజనాల్లో ఇంకా తింటున్నవాడి విస్తరి ఎత్తేసినట్టు, వర్క్‌క్యూ వచ్చి ఎంట్రీని ఫ్రీ చేసేస్తోంది.

మీ లీడ్ చెప్పింది ఎందుకు కుదరదంటే, యూజర్ బఫర్ పేజీ ఆ సమయానికి మెమరీలో ఉండకపోవచ్చు. అప్పుడు పేజ్ ఫాల్ట్ వస్తుంది, దాన్ని తెచ్చేదాకా నీ థ్రెడ్ నిద్రపోవాలి. స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోతే, అదే లాక్ కోసం చూస్తున్న మిగతా కోర్లు గిరగిరా తిరుగుతూ ఉండిపోతాయి.

ఎంట్రీ సైజు ఎంత? చిన్నదైతే గొడవే లేదు. లాక్ లోపల దాన్ని లోకల్ స్ట్రక్చర్‌లోకి కాపీ చేసుకో, లాక్ వదులు, తర్వాత తీరిగ్గా యూజర్‌కి కాపీ చెయ్. పాయింటర్ బయటికి పోనే పోదు. హ్యాండ్లర్ మధ్యలో విలువ మార్చి సగం పాతది, సగం కొత్తది చేతికొచ్చే ప్రమాదం కూడా దీంతోనే పోతుంది. ఎంట్రీ పెద్దదైతే మాత్రం స్టాక్ మీద పెట్టకు. 64 బిట్ ఆర్మ్‌లో కెర్నల్ స్టాక్ మామూలుగా 16 కేబీయే.

ఇంకోటి. ప్రాసెస్ వైపు, వర్క్‌క్యూ వైపు మామూలు స్పిన్‌లాక్ ఉంటే ఐఆర్‌క్యూసేవ్ రకానికి (లాక్ ఉన్నంతసేపూ ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లు ఆపేదానికి) మార్చు. లేకపోతే లాక్ నీ చేతిలో ఉండగా అదే కోర్ మీద ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ నీ కోసం తిరుగుతుంది, నువ్వేమో హ్యాండ్లర్ అయ్యేదాకా కదలలేవు. బోర్డు బిగుసుకుపోతుంది.

ఉప్పల్_కుర్రాడు:
థాంక్స్ అన్నా. ఎంట్రీ 40 బైట్లే. అయితే రిఫరెన్స్ కౌంట్ (ఎంట్రీని ఎంతమంది వాడుతున్నారో లెక్క) అక్కర్లేదా? ఆర్‌సీయూ?

పాత_మలక్‌పేట:
40 బైట్లకి ఏదీ అక్కర్లేదు.

రిఫరెన్స్ కౌంట్ ఎప్పుడంటే, ఎంట్రీ పెద్దదై, లాక్ వదిలాక కూడా దాన్నే వాడుకోవాల్సి వస్తే. లిస్టులో ఉన్నందుకు ఒక కౌంట్. వెతికే ఫంక్షన్ లాక్ వదలకముందే ఇంకొకటి పెంచాలి. వదిలాక పెంచితే ఆ సందులోనే ఎంట్రీ పోతుంది, చాలా కోడ్ రివ్యూల్లో నేను పట్టుకునేది ఇదే. తీసేసేవాడు లిస్టు నుంచి తెంపి తన కౌంట్ తగ్గిస్తాడు, సున్నాకి తెచ్చినవాడు ఫ్రీ చేస్తాడు. మామూలు అటామిక్ కాకుండా రిఫ్‌కౌంట్_టీ వాడు, 4.11 కెర్నల్ నుంచి ఉంది. ఓవర్‌ఫ్లో అయితే మళ్లీ సున్నాకి తిరగకుండా ఆగిపోయి వార్నింగ్ ఇస్తుంది. అయితే కౌంట్ ప్రాణాన్నే కాపాడుతుంది, లోపలి విలువల్ని కాదు. హ్యాండ్లర్ రాస్తూ ఉంటే వాటికి లాక్ కావాల్సిందే.

ఆర్‌సీయూ లైనక్స్‌లోకి వచ్చింది 2002లో, 2.5.43 డెవలప్‌మెంట్ కెర్నల్‌తో. ఫైల్ పాత్ వెతికే డీక్యాష్ దారిలో 2011లో, 2.6.38లో ఆర్‌సీయూ నడక పెట్టాక, దారిలో ప్రతి డైరెక్టరీకీ లాకులు, కౌంట్లు ముట్టుకునే ఖర్చు చాలా సందర్భాల్లో పోయింది. చదివేవాళ్లు వేలల్లో, మార్చేవాళ్లు అరుదుగా ఉన్న చోట దానికి తిరుగులేదు. నీ దగ్గర హ్యాండ్లర్ ఎప్పుడూ రాస్తూనే ఉందిగా! పైగా మామూలు ఆర్‌సీయూ రీడ్ సెక్షన్‌లో కూడా నిద్రపోకూడదు, అంటే నీ కాపీ సమస్య అక్కడే ఉంటుంది. రాసేవాళ్ల మధ్య లాక్ ఎలాగూ కావాలి. 'అన్నీ పోతాయి' అన్న ఫ్రెండ్‌కి ఇది చూపించు.

ఉప్పల్_కుర్రాడు:
బోర్డు ఆఫీసులో ఉండిపోయింది. క్యాష్ భాగం విడదీసి ఇంట్లో క్యూఈఎంయూలో (ల్యాప్‌టాప్‌లోనే ఇంకో మెషిన్ నడిపే ఎమ్యులేటర్‌లో) టెస్ట్ చేస్తే సరిపోతుందా? ఇంటెల్ ల్యాప్‌టాప్.

కేపీహెచ్‌బీ_కెర్నల్:
సరిపోతుంది. నాలుగు సీపీయూలు ఇచ్చి, ఇంటరప్ట్ బదులు హెచ్‌ఆర్‌టైమర్ (కెర్నల్ టైమర్) పెట్టు. కాసాన్‌తో పాటు లాక్‌డెప్ (లాకుల వాడకంలో తప్పులు పట్టేది) కూడా ఆన్ చెయ్.

పాత_మలక్‌పేట:
లాక్ తప్పులకి సరిపోతుంది. లాక్ లేకుండా పాయింటర్ పబ్లిష్ చేసే (మిగతా కోర్లకి కనిపించేలా పెట్టే) కోడ్‌ని మాత్రం అక్కడ నమ్మకు. ఇంటెల్ ప్రాసెసర్‌లో మామూలు స్టోర్లు రాసిన వరుసలోనే మిగతా కోర్లకి కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఆ హామీ లేదు. ఎంట్రీ నింపకముందే దాని పాయింటర్ పక్క కోర్‌కి కనిపించొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఎంతసేపు బాదినా అది బయటపడకపోవచ్చు. నీ కోడ్‌లో అన్నీ లాక్ లోపలే కాబట్టి నీకు ఆ భయం లేదు.

కొత్త ఎంట్రీ ఎక్కించేటప్పుడు మెమరీ ఎక్కడ అడుగుతున్నాడు, లాక్ లోపలా?

ఉప్పల్_కుర్రాడు:
లోపలే, జీఎఫ్‌పీ_కెర్నల్‌తో.

పాత_మలక్‌పేట:
అనుకున్నాను. జీఎఫ్‌పీ_కెర్నల్‌తో మెమరీ అడిగితే అది కూడా నిద్రపోవచ్చు. లాక్ తీసుకోకముందే అడిగి తెచ్చుకో. లాక్ తీసుకున్నాక అదే సెన్సర్ ఎంట్రీని ఈలోపు ఇంకెవరైనా ఎక్కించారేమో మళ్లీ వెతుకు. ఎక్కించి ఉంటే లాక్ వదిలి నీది ఫ్రీ చేసుకో.

ఉప్పల్_కుర్రాడు:
మార్చాను. కాసాన్ నోరెత్తట్లేదు. కానీ లాక్‌డెప్ ఇప్పుడు ప్రోబ్ ఫంక్షన్‌లో (డివైస్ దొరికినప్పుడు నడిచేది) వేరే లాక్ మీద అరుస్తోంది, దానికి కొత్త థ్రెడ్ వేస్తా.