2016 ఫైనల్: కియెల్ట్సే గెలిచిందా, వెస్ప్రేమ్ పారేసుకుందా?

లెఫ్ట్‌బ్యాక్_లోకేశ్: 2015–16 యూరప్ క్లబ్బుల హ్యాండ్‌బాల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మళ్లీ చూశా. ఇంకో పావుగంట ఉందనగా హంగరీ జట్టు వెస్ప్రేమ్ 28–19తో ముందుంది. అరవై నిమిషాలయ్యేసరికి 29–29! ఎక్స్‌ట్రా టైమ్‌లో 35–35, పెనాల్టీల్లో 39–38తో కప్పు పోలండ్ జట్టు కియెల్ట్సేకి పోయింది. అందరూ కియెల్ట్సేని ఆకాశానికెత్తుతారు గానీ, ఇది వెస్ప్రేమ్ చేతులారా పోగొట్టుకున్న కప్పు. చివర్లో ఒక్కటంటే ఒక్క గోలా?

కొలోన్_బాబాయ్: వెస్ప్రేమ్ వాళ్లు ముందురోజు సెమీస్‌లో జర్మనీ జట్టు కీల్ మీద ఎక్స్‌ట్రా టైమ్ దాకా ఆడి 31–28తో గెలిచారు. కియెల్ట్సే మాత్రం పారిస్ జట్టు పీఎస్‌జీని 28–26తో మామూలు టైమ్‌లోనే పంపేసింది. కాళ్లలో సత్తువ ఎక్కడుంటుంది?

లోకేశ్: ఆ సాకు చెల్లదు. 2023లో జర్మనీ జట్టు మాగ్డెబర్గ్ శనివారం సెమీస్‌లో బార్సిలోనాని పెనాల్టీల్లో కొట్టి, ఆదివారం ఇదే కియెల్ట్సేని ఎక్స్‌ట్రా టైమ్‌లో 30–29తో ఓడించింది. ఆ సెమీస్‌లో భుజం జారిన మాగ్డెబర్గ్ ఆటగాడు క్రిస్ట్యాన్సన్ కూడా ఫైనల్ ఆడాడు!

పివట్_పాప: 2016లో కియెల్ట్సేకి ఆఖరి పెనాల్టీ వేసిన అగినగాల్డే గురించి ఒక్కరూ మాట్లాడరేం?

బాబాయ్: నువ్వు కోర్టు మీద కాలు పెట్టి మాట్లాడు లోకేశ్. జిల్లా పోటీల్లో మాకు పొద్దున సెమీస్, సాయంత్రం ఫైనల్. సగం నుంచే నా చెయ్యి లేవలేదు. ఓడిపోయాక తిట్లన్నీ నాకే.

లోకేశ్: మరి బెంచీ మీద కుర్రాళ్లు లేరా? మీ కోచ్ మీద కోపం ఇక్కడ తీర్చుకుంటే ఎలా?

బాబాయ్: కోచ్‌నెందుకు లాగుతావ్? షెడ్యూల్ వేసినవాణ్ని అడుగు! 2010కి ముందు ఫైనల్ అంటే రెండు లెగ్‌లు, అంటే ఒక్కో జట్టు ఇంట్లో ఒక్కో మ్యాచ్, మధ్యలో విశ్రాంతి. ఇప్పుడు సెమీస్, ఫైనల్ కలిపి ఏడాది కష్టమంతా జర్మనీలోని కొలోన్‌లో ఒక్క వారాంతంలో తేల్చేస్తున్నారు. రెండు రోజులూ హాలు నిండాలి, అంతే. ఆడేవాడు ఏమైపోతే ఎవడికి?

లోకేశ్: రెండు లెగ్‌ల 2002 ఫైనల్లోనూ వెస్ప్రేమ్ ఇంట్లో గెలిచి, మాగ్డెబర్గ్‌లో ఓడి కప్పు వదులుకుంది. దానికేం చెప్తావ్?

రైన్_రాజు: రెండు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు దొరుకుతాయనే నేను టికెట్ కొనేది. లెగ్‌లంటే ఎవడొస్తాడు?

బాబాయ్: చూశారా, అసలు మాట రాజు నోట్లోంచే వచ్చింది.

లోకేశ్: తొమ్మిది గోల్స్, బాబాయ్. తొమ్మిది!