ఏమీ కొనకుండా మాల్‌లో గడపడం మన హక్కా, యజమాని ఇచ్చే అనుమతా?

నగరవాసి:
పెద్ద నగరాల్లోని షాపింగ్ మాల్‌లకు వచ్చేవారిలో చాలామంది ఏమీ కొనకుండానే తిరిగి వెళ్తారు. కాసేపు చల్లగా కూర్చోవడానికో, స్నేహితులను కలుసుకోవడానికో, పిల్లలకు కాలక్షేపం కావాలనో వస్తారు. కొనే ఉద్దేశం లేనివారికి అక్కడేం పని అని వారిని తప్పుపట్టేవారున్నారు. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. నలుగురూ కలుసుకునే కూడలి స్థానాన్ని మాల్ తీసుకున్నప్పుడు, ఆ కూడలికి ఉండే బాధ్యతలనూ అది మోయాలి. రూపాయి ఖర్చు పెట్టకపోయినా అక్కడ మర్యాదగా కూర్చునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉండాలి.

దుకాణదారు:
నగరవాసి గారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ హక్కు అన్న మాటను నేను ఒప్పుకోలేను. మాల్‌లో దుకాణం నడిపేవారు అద్దెతో పాటు నిర్వహణ రుసుము కూడా కడతారు. నడవల్లో దీపాలు, ఏసీ, ఎస్కలేటర్లు, శుభ్రత, కాపలా ఆ రుసుముతోనే నడుస్తాయి, చివరికి ఆ భారం సరుకు ధరలో కలిసి కొనేవారి మీదే పడుతుంది. కొననివారిని వెళ్లగొట్టమని నేను అనడం లేదు; ఈరోజు చూసి వెళ్లినవారే రేపు వచ్చి కొంటారని మాకు తెలుసు. అయితే అది ఇష్టపడి ఇచ్చే అనుమతి మాత్రమే. సెలవు రోజుల్లో జనం కిక్కిరిసినప్పుడు ఏదైనా ప్రమాదం జరిగితే అందరినీ క్షేమంగా బయటికి పంపవలసిన బాధ్యత యాజమాన్యానిదే కాబట్టి, ఎవరిని ఎంతసేపు ఉండనివ్వాలో నిర్ణయించే అధికారమూ దానికే ఉండాలి.

ఆర్కిటెక్చర్ విద్యార్థిని:
దుకాణదారు గారూ, మీ లెక్కలో ఒక ముఖ్యమైన విషయం తప్పిపోయింది. ఊరికే తిరిగేవారిని దృష్టిలో పెట్టుకునే మాల్‌ను రూపొందిస్తారు. పేరున్న పెద్ద దుకాణాలను రెండు చివర్లా పెట్టి, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే దారి పొడవునా చిన్న దుకాణాలను పేర్చడం ఈ రంగంలో పాత పద్ధతి. జనాన్ని రప్పిస్తాయి కాబట్టి ఆ పెద్ద దుకాణాలకు సాధారణంగా అద్దె తక్కువగా పడుతుంది. చాలా మాల్‌లలో ఒక ఎస్కలేటర్ దిగాక పై అంతస్తుకు వెళ్లే మరొక ఎస్కలేటర్ కోసం చుట్టూ తిరిగి వెళ్లవలసి రావడం కాకతాళీయం కాదు. ఒక వస్తువు కోసం వచ్చిన మనిషి ఆ సంగతి మరచి, కనిపించిన ప్రతిదాన్నీ చూస్తూ తిరగడం మొదలుపెట్టే స్థితికి వాస్తుశిల్పి విక్టర్ గ్రూయెన్ పేరు మీద ‘గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్’ అన్న పేరే స్థిరపడింది.

ఆ గ్రూయెన్ ఏమి ఆశించారో తెలిస్తే ఈ చర్చ మరింత స్పష్టమవుతుంది. వియన్నాలో పుట్టి, 1938లో నాజీల ఆక్రమణ తరువాత అమెరికా చేరిన ఆయన, మిన్నెసోటా రాష్ట్రంలోని ఈడైనాలో 1956లో ప్రారంభమైన సౌత్‌డేల్ సెంటర్‌ను రూపొందించారు. మొత్తం ఒకే కప్పు కింద, ఏ కాలంలోనైనా హాయిగా తిరగగలిగే ఆధునిక మాల్‌కు అది తొలి నమూనా. ఆయన దృష్టి అమ్మకాల మీదే లేదు. కార్లు లేకపోతే కదలలేని శివార్లకు యూరప్ నగర కూడళ్ల వంటి ఒక కేంద్రాన్ని ఇవ్వాలనుకున్నారు. చుట్టూ ఇళ్లు, బడులు, వైద్య కేంద్రం, ఉద్యానవనం రావాలని ప్రణాళిక వేశారు. ఆ ఊహ ఆయన కోరుకున్నట్లు నెరవేరలేదు. దుకాణాలను పార్కింగ్ స్థలాలు చుట్టుముట్టిన మాల్‌లే ఎక్కడ చూసినా వెలిశాయి. 1978లో, తన చివరి దశలో, ఆ మాల్‌లకు తనను తండ్రిగా పేర్కొనవద్దని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. కూడలి అన్న ఊహ మనం తరువాత మాల్‌కు తగిలించినది కాదు, దాని పుట్టుకలోనే ఉంది. రమ్మని పిలిచి, తిరగడానికే దారులు వేసి, తిరిగినవారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

అమ్మతో వెళ్లే కూతురు:
మా అమ్మ వీల్‌చెయిర్‌లో ఉంటుంది. గతుకులు లేని నేల, పనిచేసే లిఫ్టు, శుభ్రమైన మరుగుదొడ్డి ఒకేచోట మాకు దొరికేది మాల్‌లోనే. అమెరికాలో అనేక మాల్‌లు దుకాణాలు తెరవకముందే తలుపులు తీసి వృద్ధులను నడవనిస్తాయి. కానీ దుకాణదారు గారూ, మేము వెళ్లే చోట నడవల్లోని బెంచీలను తీసివేసి అమ్మకపు కౌంటర్లు పెట్టారు. ఇప్పుడు నేను కూర్చోవాలంటే ఏదో ఒకటి కొంటేనే చోటు దొరికే బల్లల దగ్గరికి వెళ్లాలి. అనుమతి అని మీరు అంటున్నది ఎంత సులభంగా కరిగిపోతుందో చూడండి.

నగరవాసి:
అమ్మాయి గారు చెప్పిన కారణం వల్లనే నేను హక్కు అంటున్నాను. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరంలోని ఒక మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవారి వ్యాజ్యంలో, అది ప్రైవేటు ఆస్తి కాబట్టి వారికి ఆ హక్కు లేదని 1972లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాలిఫోర్నియాలోని ప్రూన్‌యార్డ్ మాల్‌లో సంతకాలు సేకరిస్తున్న విద్యార్థులను కాపలాదారు ఆపిన వ్యవహారంలో మాత్రం, రాష్ట్ర రాజ్యాంగం అటువంటి హక్కును ఇవ్వవచ్చనీ, అంతమాత్రాన యజమాని ఆస్తిని లాక్కున్నట్లు కాదనీ 1980లో అదే కోర్టు అంగీకరించింది. అంటే గీత ఎక్కడ గీయాలన్నది చట్టం చేతిలో ఉంది. నేను కోరేది ఎక్కువేమీ కాదు: ప్రతి అంతస్తులో ఉచితంగా కూర్చునే చోటు, ప్రవేశ నిబంధనలు గుమ్మం దగ్గర అందరికీ కనబడేలా రాసి ఉండడం, వేసుకున్న బట్టలు చూసి మనిషిని వెనక్కి పంపకుండా కాపలా సిబ్బందికి స్పష్టమైన ఆదేశం. ఈ మూడవది నాకు అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఆ అవమానం జరిగినప్పుడు ఫిర్యాదు చేయడానికి కూడా ఎవరూ దొరకరు.

దుకాణదారు:
బెంచీల విషయంలో మీరిద్దరూ చెప్పింది ఒప్పుకుంటున్నాను, బట్టలు చూసి ఆపడం నాకూ సమ్మతం కాదు. అయితే ఖర్చును ఒక్క పక్షం మీదే వేయకండి. న్యూయార్క్ నగరం 1961 నాటి నిబంధనల్లో, ప్రజలకు తెరిచి ఉంచే ఖాళీ స్థలం ఇచ్చిన భవన యజమానులకు అదనపు నిర్మాణ విస్తీర్ణాన్ని మంజూరు చేసింది. నగరపాలక సంస్థ అటువంటి ఒప్పందం రాసుకున్న చోట కూర్చోవడం హక్కేనని నేనూ అంటాను. ఒప్పందం లేని చోట అది అనుమతిగానే ఉంటుంది. కరపత్రాలు, సంతకాల సేకరణ మాత్రం దుకాణాల మధ్య వద్దన్నదే ఇప్పటికీ నా మాట.