మొదటి సిస్టమ్: ఏఎం4 మీద గ్రాఫిక్స్ కార్డుతోనా, ఏఎం5 మీద కార్డు లేకుండానా?

ఓరుగల్లు సీఎస్ఈ:
అందరికీ నమస్తే. బీటెక్ సెకండియర్, సీఎస్ఈ. హాస్టల్ వదిలి రూమ్‌కి మారాం కాబట్టి ఈసారి డెస్క్‌టాప్ కట్టించుకుందామనుకుంటున్నా. మానిటర్ ఉంది. బడ్జెట్ 65 వేలు, ఇంట్లో అంతకుమించి అడగలేను. చేసే పనులు: కోడింగ్, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు, కొంచెం బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్), రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో వాలరెంట్ గేమ్.

సికింద్రాబాద్‌లో ఒక షాపువాళ్లు రెండు కొటేషన్లు ఇచ్చారు, ధరలో పెద్ద తేడా లేదు. మొదటిది ఏఎం4 మీద: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ 16 జీబీ, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 500 జీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్, క్యాబినెట్‌తోపాటే వచ్చే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై పెట్టె). రెండోది ఏఎం5 మీద: రైజెన్ 5 7600, బీ650ఎం బోర్డు, డీడీఆర్5 16 జీబీ ఒకటే స్టిక్, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఇందులో కార్డు లేదు, తర్వాత పెట్టుకోవచ్చట. ఏది తీసుకోవాలి?

గచ్చిబౌలి కంపైలర్:
రెండోదే తమ్ముడూ. ఏఎం4 సాకెట్, అంటే బోర్డు మీద ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే చోటు, 2016లో వచ్చింది. ఇప్పటికీ ప్రాసెసర్లు దొరుకుతున్నాయి కానీ అది 5000 సిరీస్ దగ్గరే ఆగిపోయింది. ఏఎం5 2022 సెప్టెంబరులో వచ్చింది. 7000, 8000, 9000 సిరీస్‌లు మూడూ దాని మీదే నడుస్తాయి. 2027, ఆ తర్వాత కూడా ఈ సాకెట్‌ను కొనసాగిస్తామని ఏఎండీయే ప్రకటించింది. నువ్వు ఉద్యోగంలో చేరాక ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే చాలు. ఏఎం4 తీసుకుంటే ఆ రోజు ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ మార్చాలి. డీడీఆర్4 స్టిక్ డీడీఆర్5 స్లాట్‌లో పట్టదు, మధ్యలో గాడి ఉండే చోటే వేరు.

2018లో బీ450 బోర్డు కొన్నవాళ్లను అడుగు. రైజెన్ 5 2600తో మొదలుపెట్టి, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టి ఇప్పటికీ వాడుతున్నవాళ్లు బోలెడు మంది. ఆ అవకాశం ఇప్పుడు ఏఎం5లో ఉంది. కార్డు ఎప్పుడైనా కొనొచ్చు.

కృష్ణా కరకట్ట:
గచ్చిబౌలి గారూ, మీరు చెప్పిన లెక్క నెలనెలా జీతం వచ్చేవాళ్లకు సరిపోతుంది. ఈ అబ్బాయికి చదువు ఇంకా రెండేళ్లుంది, కార్డుతో పని ఆ రెండేళ్లే ఎక్కువ. 7600లో ఉన్న గ్రాఫిక్స్‌కి రెండే కంప్యూట్ యూనిట్లు. స్క్రీన్ మీద బొమ్మ కనిపించడానికి పెట్టింది అది. బ్లెండర్‌లో రెండర్ పెడితే భారమంతా సీపీయూ మీదే పడుతుంది. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులన్నీ ఉచిత క్లౌడ్ నోట్‌బుక్‌ల మీదే నెట్టుకురావాలి, వాటికి సమయం పరిమితి ఉంటుంది. 65 వేలు పెట్టి కొన్న సిస్టమ్‌లో తన చదువుకు కావాల్సిన పనే జరగకపోతే, నాలుగేళ్ల తర్వాత వచ్చే ప్రాసెసర్ గురించి ఇప్పుడు మాట్లాడుకుని ఏం లాభం?

మీ బీ450 ఉదాహరణలో ఇంకో మాట కూడా ఉంది. వాళ్లు ఏఎం4 మొదలైన కొత్తలో కొన్నారు. ఏఎం5 ఇప్పటికే సగం దారి దాటేసింది. ఇతను మూడు నాలుగేళ్లకు మార్చేనాటికి దానికీ చివరి ప్రాసెసర్లే మిగులుతాయి.

పైగా ర్యామ్ ధర. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్పులు పోతుంటే మామూలు కొనుగోలుదారులకు డీడీఆర్5 మండిపోతోంది. మైక్రాన్ అయితే డిసెంబరులో, క్రూషియల్ పేరుతో మనకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పేసింది. డీడీఆర్4 కూడా పెరిగింది, కాదనను. కానీ పాత సిస్టమ్స్ నుంచి తీసిన స్టిక్స్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి.

ఓరుగల్లు సీఎస్ఈ:
ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, టెన్షన్ ఇంకా పెరిగింది. ఇంకో షాపులో ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ కూడా చెప్పారు. అది మధ్యేమార్గమా? ఇంకొకటి, మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు. అక్కడి నుంచి ఏవైనా తెప్పించుకోవచ్చా?

రిపేర్ బెంచ్:
నాది రాజమండ్రి, సిస్టమ్స్ రిపేర్ చేస్తా. మీరిద్దరూ సాకెట్ గురించే మాట్లాడారు. నా దగ్గరికి వచ్చే కొత్త సిస్టమ్స్‌లో సాకెట్ తప్పు అనేది దాదాపు కనిపించదు. ప్రాసెసర్ బోర్డులో కూర్చోకపోతే అమ్మేవాడికే తెలిసిపోతుంది కదా. అన్నీ చక్కగా కూర్చుని, ఆన్ చేశాక ఇబ్బంది పెట్టేవే ఎక్కువ. తమ్ముడి రెండు కొటేషన్లలోనూ అలాంటివి ఉన్నాయి.

మొదటి దాంట్లో అన్నిటికంటే పెద్ద లోపం ఆ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. పెట్టె మీద రాసిన అంకె చూడకు, పక్కన అంటించిన లేబుల్ మీద +12వీ అన్న గడిలో ఎన్ని ఆంపియర్లుందో చూడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టుల నుంచే. క్యాబినెట్‌తో ఊరికే వచ్చేవాటిలో 18 ఆంపియర్లు అని రాసి ఉన్నవి చూశాను. 18ని 12తో గుణిస్తే 216 వాట్లు. 5600 గట్టిగా పనిచేస్తే 76 వాట్ల వరకూ లాగుతుంది, ఆర్‌ఎక్స్ 6600కి 132. ఆ రెండింటికే 208 అయిపోయింది. ఫ్యాన్లు, డ్రైవులు, బోర్డు ఇంకా లెక్కలోకే రాలేదు. కార్డు అర క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ లాగే సందర్భాలూ ఉంటాయి. అలాంటప్పుడు ఆటో రెండరో మధ్యలో ఉండగా సిస్టమ్ ఠక్కున ఆగిపోతుంది. ఆగిపోతే అదృష్టమే. రక్షణ సర్క్యూట్లు సరిగా లేనివి పోతూ పోతూ బోర్డునూ కార్డునూ తీసుకుపోతాయి. మన ఊళ్లలో వోల్టేజీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పేరున్న కంపెనీ 550 వాట్లది, ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకో. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేది, నాణ్యతకు హామీ కాదు.

రెండో లోపం బీ450. అది 2018 నాటి బోర్డు, 5600 వచ్చింది 2022లో. బయోస్ (ఆన్ చేయగానే బోర్డును లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయని పాత స్టాక్ అయితే తెర నల్లగానే ఉంటుంది, ఇంటికి తీసుకెళ్లాక నువ్వేమీ చేయలేవు. షాపులోనే అప్‌డేట్ చేయించాలి, లేదా ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకోవాలి. బీ450 కార్డుకు ఇచ్చేది మూడో తరం పీసీఐఈ (కార్డు, బోర్డు మాట్లాడుకునే దారి), అందులో ఆర్‌ఎక్స్ 6600 వాడుకునేది ఎనిమిది లేన్లే. కొద్దిగా వేగం తగ్గుతుంది, పెద్ద నష్టం కాదు. అయినా కొంచెం ఎక్కువ పెట్టి బీ550 తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

రెండో కొటేషన్‌లో ఒకటే ర్యామ్ స్టిక్ ఇచ్చారు. కార్డు లేని సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క స్టిక్‌తో దారి సగమైపోయి వాలరెంట్ కూడా నత్తనడక నడుస్తుంది. కార్డు లేకుండానే ఉండాలంటే 7600 కాదు, 8600జీ చూడాలి. అందులో గ్రాఫిక్స్ చాలా మెరుగు. కాకపోతే దానికి తర్వాత కార్డు పెడితే ఎనిమిది లేన్లే దొరుకుతాయి.

12400ఎఫ్ మంచి ప్రాసెసరే. కానీ పేరు చివర ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే, కార్డు తప్పనిసరి. దాని హెచ్610, బీ660, బీ760 బోర్డులు డీడీఆర్4 రకం, డీడీఆర్5 రకం రెండూ దాదాపు ఒకే పేరుతో వస్తాయి. బోర్డు ఒకటి, ర్యామ్ ఇంకొకటి కొని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఆ సాకెట్‌కు కూడా 14వ తరంతో ముగింపే, 2024లో ఇంటెల్ కొత్త సాకెట్‌కు వెళ్లిపోయింది.

డల్లాస్ తెలుగు:
అన్నయ్యతో తెప్పించుకునే విషయంలో నా మాట. ప్రాసెసర్ ఒక్కటైతే తెప్పించుకో. చిన్నది, తేలిక, చెడిపోవడం అరుదు. ఇక్కడ కొన్ని దుకాణాల్లో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి తక్కువకు ఇస్తారు, చూడగానే ఆశ పుడుతుంది. కానీ బోర్డుకూ కార్డుకూ వారంటీ చాలావరకు కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఏడాదికి కార్డు పోతే దాన్ని మళ్లీ ఇక్కడికి పంపేదెవరు? ఎస్‌ఎంపీఎస్ అసలే వద్దు. బరువు, పైగా వెనకాల 115/230 మీట ఉన్న చౌకరకం అయితే మీట మార్చకుండా అక్కడ ప్లగ్‌లో పెట్టిన క్షణంలోనే పోతుంది.

గచ్చిబౌలి కంపైలర్:
రిపేర్ బెంచ్ గారు చెప్పింది అక్షరాలా సరి. రెండో కొటేషన్‌ను ఉన్నదున్నట్టు నేనూ సమర్థించను, 8 జీబీవి రెండు స్టిక్స్ ఉండాల్సింది. కానీ నా అసలు వాదన అలాగే ఉంది. 65 వేలల్లో 40 వేలకు పైగా ఇకపై కొత్త ప్రాసెసర్లు రాని బోర్డు చుట్టూ పెడుతున్నాడు. మూడేళ్లకు కార్డు మారుద్దామంటే ప్రాసెసర్ వెనకబడుతుంది, ప్రాసెసర్ మారుద్దామంటే బోర్డు అడ్డొస్తుంది. విద్యార్థికి ఒకేసారి పెద్ద మొత్తం దొరకదు కాబట్టే, విడతలుగా పెంచుకోగలిగే సిస్టమ్ కావాలి.

కృష్ణా కరకట్ట:
40 వేలు అన్నారు, అందులో సగానికి పైగా కార్డుదే. కార్డు, ఎన్‌వీఎంఈ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ రేపు ఏఎం5 బోర్డుకైనా, ఆ తర్వాతి దానికైనా పనికొస్తాయి. వదులుకోవాల్సింది ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మాత్రమే. ఈ మూడూ ఏఎం4లో చౌక, అమ్మితే కొనేవాళ్లూ ఉంటారు. చౌకవి వదులుకుని ఖరీదైనవి ఉంచుకుంటున్నాం. విడతలంటే ఇవి కావా?

అయితే తమ్ముడూ, కార్డు మాత్రం మార్చు. మెషీన్ లెర్నింగ్ అన్నావు కదా. కాలేజీ ల్యాబ్ నోట్సు, ఇంటర్నెట్‌లో దొరికే కోడ్ అంతా ఎన్‌విడియా వాళ్ల క్యూడా సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుని రాసిందే, అది ఎన్‌విడియా కార్డుల మీదే నడుస్తుంది. ఆర్‌ఎక్స్ 6600కి, క్యూడా లాంటి ఏఎండీ సాఫ్ట్‌వేర్ రాకెమ్‌లో అధికారిక మద్దతు కూడా లేదు, ప్రాజెక్టు గడువు దగ్గర పడ్డప్పుడు దానితో కుస్తీ పట్టలేవు. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ చూడు. 2021 నాటిదే, ఆటల్లో మరీ గొప్ప కాదు, కానీ ఈ ధరలో 12 జీబీ ఉన్న ఎన్‌విడియా కార్డు దాన్ని మించి దొరకదు. మోడల్ మెమరీలో పట్టకపోతే కార్డు ఎంత వేగమైనా దండగ. జాగ్రత్త, అదే 3060 పేరుతో 8 జీబీది కూడా ఉంది, దానికి మెమరీ దారి కూడా ఇరుకు. పెట్టె మీద 12 అని చూసుకునే డబ్బు కట్టు.

గచ్చిబౌలి కంపైలర్:
క్యూడా విషయంలో నా దగ్గర ఎదురు మాట లేదు. ఇంట్లో ఇంకో పది పదిహేను వేలు వచ్చే దారి ఉంటే ఏఎం5 మీద 3060 పెట్టమంటాను. లేకపోతే చదువు ఆపుకుని సాకెట్ కొనమని చెప్పను.

ఓరుగల్లు సీఎస్ఈ:
పది వేలు ఎక్కువ రావు అన్నా, నాన్న ఇప్పటికే చిట్టీ పాట పాడి తెచ్చిన డబ్బు ఇది. ఇలా అనుకుంటున్నా: 5600, బీ550ఎం, డీడీఆర్4 3200 8 జీబీవి రెండు, 3060 12 జీబీ, 500 జీబీ ఎన్‌వీఎంఈ, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, మామూలు మెష్ క్యాబినెట్. వేర్వేరు షాపుల్లో ధర అడిగాను, బడ్జెట్‌లోనే వస్తోంది. నేనూ మా రూమ్మేటూ కలిసి అసెంబుల్ చేద్దామనుకుంటున్నాం. ఏవైనా జాగ్రత్తలు చెప్పండి.

రిపేర్ బెంచ్:
లిస్టు బాగుంది, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. క్యాబినెట్ కొనేముందు అందులో ఎన్ని మిల్లీమీటర్ల కార్డు పడుతుందో, నువ్వు కొనే 3060 ఎంత పొడవో చూసుకో. ముందువైపు గాలి వచ్చేది కావాలి, ఎండాకాలంలో అద్దం మూసిన క్యాబినెట్ కొలిమే.

బోర్డును క్యాబినెట్‌లో పెట్టే ముందు దాని కింది ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి పట్టే చిన్న దిమ్మెలు) బోర్డు రంధ్రాలకు ఎదురుగానే ఉన్నాయా చూడండి. ఒకటి ఎక్కువై బోర్డు వెనక తగిలితే షార్ట్ అవుతుంది. ర్యామ్ రెండూ ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టండి. నీ బోర్డుకు రెండే స్లాట్లుంటే ఈ బాధ లేదు. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నుల వైరు, కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్నుల వైరు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండూ వేరు. మొదటిదాని మీద సీపీయూ అని, రెండోదాని మీద పీసీఐఈ అని ఉంటుంది. పట్టడం లేదంటే బలవంతం చేయకండి. ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ (వైర్లు విడిగా తీసి పెట్టుకునేది) అయితే ఇంకో కంపెనీ వైర్లు దానికి ఎప్పుడూ పెట్టకండి, ప్లగ్ పట్టినా లోపలి అమరిక వేరు, డ్రైవులు కాలిపోతాయి. ఏఎం4 ప్రాసెసర్‌కి పిన్నులు దాని కిందే ఉంటాయి. ఎప్పుడైనా కూలర్ తీయాల్సి వస్తే సిస్టమ్‌ను కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపేసి, మెల్లగా తిప్పుతూ తీయండి. నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది.

హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డుకే పెట్టండి. 5600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి బోర్డు వెనక ఉన్న పోర్టు నుంచి ఏమీ రాదు, సిస్టమ్ పోయిందనుకుని కంగారు పడకండి. ఆన్ అయ్యాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి, లేకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది.

కొనేటప్పుడు ప్రతి వస్తువు సీరియల్ నంబరూ జీఎస్టీ బిల్లులో రాయించుకో. ప్రాసెసర్ మాత్రం పెట్టెలో ఉన్నదే తీసుకో. దానికి మూడేళ్ల వారంటీ, కూలర్ కూడా అందులోనే వస్తాయి. ట్రే పేరుతో విడిగా అమ్మేది కొంచెం చౌకే కానీ, కూలర్ వేరే కొనాలి, కంపెనీ వారంటీ ఉండదు. బీ550 అయినా పాత స్టాక్ కావచ్చు, 5600కి బయోస్ సిద్ధంగా ఉందో లేదో బిల్లు కట్టేముందే అడుగు.