పూల నివాళా, పాల నివాళా?

లంక పిల్ల: అందరికీ నమస్కారం. కిందటి నెల మా అమ్మమ్మ పోయింది. మాది కోనసీమలో లంక ఊరు. మా ఆఫీసువాళ్ళకి రావడం వీలుపడక, కడియపులంక పూల మార్కెట్లో చెప్పి ఒక రీత్ పంపించారు. బండి చక్రమంత ఇనప చట్రం, చుట్టూ తెల్ల చామంతులు, మధ్యలో ఎర్ర గులాబీలు, అడ్డంగా రిబ్బను మీద వెండి అక్షరాలు: 'పుష్ప నివాళి'. మా ఊళ్ళో వచ్చినవాళ్ళు దండ వేస్తారు, పాడె వెంట పూలూ పేలాలూ చిల్లరా చల్లుతారు. మనిషి రాకుండా పూలు రావడం మాకు కొత్త. మా పెద్దమ్మ ఏడుపు ఆపి మరీ అది చదివి, "నివాళి ఏంటర్రా శవానికి? నివాళి పెళ్ళికూతురికిస్తారు" అని రిబ్బను పీకేసింది.

అప్పట్నుంచీ అమ్మమ్మ పాడే పెళ్ళిపాటలో ఒక్క పాదం నన్ను పీడిస్తోంది. "ముత్యాల పళ్ళెరాన పూల నివాళి". పూల అని నాకు గుర్తు. కాదు, పాల నివాళి అంటుంది మా అక్క. పాట మొత్తం ఎవరికైనా వచ్చా?

పాలకొల్లు మాస్టారు: పెద్దమ్మగారికి నా నమస్కారం చెప్పమ్మా. ఆవిడన్నదే అసలు అర్థం. నివాళి అంటే హారతి, నివాళించడం అంటే హారతివ్వడం. నిఘంటువు తీసినా ముందు అదే కనిపిస్తుంది. 'అలివేణి తురుమునకు హస్తకమలంబులకు నిలువుమాణిక్యముల నీరాజనం' అని అన్నమయ్య అలమేలుమంగకి ఎత్తినదీ అదే. ఇక పాటంటారా, పళ్ళెరం వచ్చాక పూలేంటి, పాలేంటి? కప్పురం ఉండాలి.

మండపేట: కప్పురం పాటలో పట్టదండీ. అక్కడున్నవి రెండే అక్షరాలు. పూలైనా పాలైనా గురువు, లఘువు. నడక చూసి తేల్చలేం.

పాలకొల్లు మాస్టారు: నడక తేల్చకపోతే యతి తేలుస్తుంది, అంటే పాదం మొదటి అక్షరానికీ మధ్యలో అక్షరానికీ ఉండాల్సిన పొత్తు. పాదం 'ము'తో మొదలైంది. ముకార యతి ప్రకారం ము కి పు, ఫు, బు, భు చెల్లుతాయి. 'పూ' చెల్లింది, 'పా' చెల్లదు. కాబట్టి పూల నివాళి. నా కప్పురం నేను వెనక్కి తీసుకుంటున్నాను.

రాజోలు రాణి: ఆయ్, పెళ్ళిపాటకి యతులేంటండీ! పాడేవాళ్ళకి పళ్ళెరాన అనగానే నోటికొచ్చేది 'పాల'. ప పక్కన ప. మా మేనత్త పాలనే పాడేది.

మండపేట: మీ మేనత్తగారి పాటా, లంక అమ్మాయి పాటా ఒకటేనా?

రాజోలు రాణి: అది నాకు తెలీదండి. కానీ పాలే.

అసలు సంగతి వేరే ఉంది. మా ఇంట్లో నివాళంటే కర్పూరమే కానక్కర్లేదు. పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రగా వస్తాయి కదా, ఆ పళ్ళెం కొత్తజంట ముందు మూడుసార్లు తిప్పి వీధిలో పారబోసేవారు. తిప్పడమే నివాళి. పూలు తిప్పరు, చల్లుతారు. అందుకని పూల నివాళి అనే మాటే పొసగదు.

గన్నవరం అక్విడక్ట్: మరైతే రీత్ గుండ్రంగా ఉంటుంది కదండీ. తిప్పక్కర్లేదు, అదే తిరిగి ఉంది. నివాళి పేరు దానికి అలాగే వచ్చిందేమో. (నవ్వకండి, నేను సీరియస్.)

పాలకొల్లు మాస్టారు: నవ్వాను.

నరసాపురం: రీత్ మీకు కొత్త కావచ్చుగానీ మాకు కాదండి. మా తాత పోయినప్పుడు పెట్టె మీద రీత్ పెట్టారు. నవంబరు 2న సమాధుల పండక్కి మేమంతా వెళ్ళి సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు పెడతాం. దాన్ని మాలో ఎవరూ నివాళి అనరు. పూలు పెట్టడం అంటారు. ఈ నివాళి అంతా పేపరు తెలుగు.

మండపేట: అదీ మాట. 'పుష్పగుచ్ఛం ఉంచి ఘనంగా నివాళులర్పించారు' అని వార్తల్లో వచ్చి వచ్చి, హారతి కాస్తా కర్మకాండకి పోయింది. ధవళేశ్వరంలో చూడండి. ఏటా మే 15న కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తారు. ఆయన 1803లో పుట్టిన రోజది. పుట్టినరోజుకీ నివాళే, పోయినరోజుకీ నివాళే.

పాలకొల్లు మాస్టారు: పుట్టినరోజుకి నివాళి ఇస్తే తప్పులేదు, హారతి కదా! నిజానికి అదే సరైన వాడుక. ఆయన్ని తలుచుకునే శ్లోకం డెల్టాలో ఎవరికి రాదు? 'స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనం తం భగీరథమ్'. పూలు లేకుండా ఒక్క మాటతో ఇచ్చిన నివాళి అది. నన్నడిగితే వెయ్యి గజమాలల పెట్టు.

గన్నవరం అక్విడక్ట్: నివాళొక్కటేనా, వర్ధంతి మాటేంటి? వృధ్ అంటే పెరగడం. కన్నడంలో స్వాములవారి పుట్టినరోజుని వర్ధంతి అంటారు. మనం తద్దినం చేశాం. మంచి మాట దొరికితే చాలు, పాడె ఎక్కిస్తాం.

రాజోలు రాణి: దానికి కారణం ఉందండి. చావు దగ్గర చావు మాట అనలేం. దీపం ఆరిపోయిందని కూడా అనం, కొండెక్కింది అంటాం. నివాళి, వర్ధంతి, అన్నీ ఆ వరసే.

పాలకొల్లు మాస్టారు: రాణిగారి మాట ఒప్పుకుంటాను. కానీ పోయినవాళ్ళకి నివాళి ఎలా ఇవ్వాలో మనకి శ్రీనాథుడు నేర్పి పోయాడు. రాజమహేంద్రవరంలో వీరభద్రారెడ్డి కొలువులో వెలిగినవాడు, చివరికి ఎవరూ లేక చెప్పుకున్న సీసం చూడండి. 'కాశికా విశ్వేశు గలిసె వీరారెడ్డి, రత్నాంబరంబు లే రాయఁడిచ్చు'. పోయిన ప్రభువులకి తలా ఒక పాదం. ఒక్క పువ్వు లేదు. ఫలానావాడు పోయాడు, ఇక నాకు పట్టుబట్ట ఎవడిస్తాడు, దినవెచ్చం ఎవడు తీరుస్తాడు, కస్తూరి ఎవణ్ణడగను? దుఃఖాన్ని పచారీ లెక్కలాగా రాసుకున్నాడు మహానుభావుడు. ఆఖర్న 'దివిజకవివరు గుండియల్ దిగ్గుమనఁగ' తనే బయల్దేరాడు.

మండపేట: దిగ్గురనఁగ, మాస్టారూ.

పాలకొల్లు మాస్టారు: దిగ్గుమనఁగ అని మా గురువుగారు చెప్పారు.

మండపేట: మీ గురువుగారి మీద గౌరవంతోనే చెబుతున్నా. 'ర'కారంలోనే ఆ గుండె అదురు ఉంది. 'దిగ్గుమనఁగ' అంటే మామూలుగా ఉలిక్కిపడ్డట్టు. 'దిగ్గురనఁగ' అంటే గుండె జారి కింద పడ్డట్టు. పోయేది శ్రీనాథుడండీ, ఉలిక్కిపడితే సరిపోదు.

గన్నవరం అక్విడక్ట్: ఆ ముసలాయన స్వర్గానికి వెళ్తూ కూడా అక్కడి కవిని భయపెట్టాడు చూశారూ. తనకి ఎవరూ రీత్ పంపరని తెలిసి తనే కట్టుకున్నాడు.

పాలకొల్లు మాస్టారు: ఈ ఒక్క మాటకి మీ గుండ్రం సిద్ధాంతం క్షమించాను. రకారం మాత్రం ఒప్పుకోను.

నరసాపురం: పాపం ఆ అమ్మాయి పాట అడిగింది.

లంక పిల్ల: పర్వాలేదండి, శ్రీనాథుడి సీసం మా అమ్మమ్మకీ వచ్చు. ఇవాళ పెద్దమ్మకి ఫోన్ చేసి మీరన్నవన్నీ చెప్పాను. పూలా పాలా అనడిగితే, "ఏదైతే ఏంటే, ఆడపిల్ల అత్తారింటికి వెళ్తుంటే పాడతాం, అప్పుడు ఎవరికి వినిపిస్తుంది" అంది. ముకార యతి గురించి చెప్పాను. "ఆ మాస్టారికి మజ్జిగ తాగమని చెప్పు" అంది.

రిబ్బను పీకేసినందుకు మా ఆఫీసువాళ్ళు ఏమనుకుంటారో అని నాకు టెన్షన్‌గా ఉందంటే, పూలు మంచివేనంది. అమ్మమ్మ కాళ్ళ దగ్గర పెట్టించిందట, రాత మాత్రమే పెట్టనివ్వలేదట. చామంతులు రెండో రోజుకి కూడా వాడలేదని రెండుసార్లు చెప్పింది. ఆ ఇనప చట్రాన్ని పెరట్లో నాలుగు వెదురుబద్దల మీద నిలబెట్టి దొండపాదు ఎక్కించింది. ఫొటో పెడుతున్నాను. అప్పుడే రెండు పిందెలున్నాయి.

రాజోలు రాణి: దొండకి అంత చిన్న పందిరి చాలదమ్మా, పక్కనున్న వేపచెట్టు ఎక్కేస్తుంది. పెద్దమ్మగారికి చెప్పు. పాల నివాళే అని కూడా చెప్పు.

పాలకొల్లు మాస్టారు: పూల.