లైన్ అకౌంట్ మీద బతికే విలేకరి జర్నలిస్టు కిందకి వస్తాడా?

పలాస దగ్గర ఓ పత్రికకి పన్నెండేళ్లుగా కంట్రిబ్యూటర్‌ని. 2018లో తిత్లీ తుపానుకి జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగితే వాటి మధ్యే తిరిగి వార్తలు పంపాను. జీతం లేదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన వార్తల లైన్లు లెక్కగట్టి ఇచ్చే డబ్బులే. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియోలు తీయాలి, పైగా దసరాకి యాడ్స్ టార్గెట్. నిన్న ఎవరి మీద రాశానో ఇవాళ వాళ్లనే ప్రకటన అడగాలి. అసలు టెన్షన్ అదే!

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పార్ట్‌టైమ్‌గా పనిచేసేవాళ్లనీ లెక్కలోకి తీసుకుంది కదా, పాత కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ అంతేనా? నా దగ్గర అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. ఐడీ కార్డు, బ్యాంకులో పడ్డ డబ్బుల వివరాలు, అచ్చయిన వార్తల కటింగులు ఉన్నాయి. జర్నలిస్టునని రుజువు చేసుకోడానికి ఇవి సరిపోతాయా? లేబర్ ఆఫీసుకి వెళ్లినవాళ్లుంటే, విజయనగరం వైపువాళ్లైనా సరే, ముందు ఏం చేశారో చెప్పండి.