అమ్మానాన్నలకు లిబర్టీ విగ్రహం: టికెట్ కొని దీవికా, ఉచిత ఫెర్రీ చాలా?

కృష్ణాతీరం: వచ్చే నెల అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. న్యూయార్క్‌లో తిప్పడానికి ఒక్క రోజే ఉంది. టికెట్ కొని విగ్రహం ఉన్న దీవికి తీసుకెళ్లాలా, స్టాటెన్ ఐలాండ్‌కు వెళ్లే ఉచిత పడవ, అదే ఫెర్రీలోంచి చూపిస్తే సరిపోతుందా?

జెర్సీమామ: ఫెర్రీయే. పైసా ఖర్చు లేదు, పాతిక నిమిషాల ప్రయాణం, మాన్‌హటన్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే విగ్రహం కనబడుతుంది. దీవికైతే బ్యాటరీ పార్కులో క్యూ, తనిఖీ. కిరీటం దాకా వెళ్లాలంటే పీఠం పైనుంచి 162 మెట్లు, లిఫ్టు లేదు.

సుజాత_ఎడిసన్: కిరీటం ఎక్కమని ఎవరన్నారండీ? పీఠానికి లిఫ్టుంది. 2019లో తెరిచిన మ్యూజియంలో విగ్రహం అసలు కాగడా ఉంది, దగ్గర నిలబడి చూడొచ్చు. అదే టికెట్‌తో ఎల్లిస్ ఐలాండ్ కూడా. 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది వలస వచ్చి దిగిన చోటు, కొడుకును పంపి ఊళ్లో కూర్చున్నవాళ్లకు చూపించాల్సింది అది కాదా?

జెర్సీమామ: 162 మెట్లు అబద్ధమా?

సుజాత_ఎడిసన్: నిజమే, కానీ ఆయన అడిగింది అది కాదుగా!

బోడుప్పల్_బాబు: ఫెర్రీ అవతలి ఒడ్డున అందరూ దిగి మళ్లీ ఎక్కాలి. అదీ నడకే.

జెర్సీమామ: మా నాన్నను దీవికి తీసుకెళ్తే టికెట్ రూపాయల్లో లెక్కేసుకుని, మనిషికి దాదాపు రెండు వేలా అని రోజంతా ముభావంగా ఉన్నారు.

సుజాత_ఎడిసన్: ధర చెప్పడమెందుకు? మా మామగారిని బంధువులు ఉచిత ఫెర్రీ ఎక్కించి, ఫోన్‌లో జూమ్ చేసి చూపించారు. ఊళ్లో ఎవరో విగ్రహం కిందికి వెళ్లి చూశావా అంటే ఆయన మాట మార్చేశారు.

జెర్సీమామ: అంటే ఊళ్లో గొప్పలకన్నమాట. దానికి పెద్దవాళ్లను ఎండలో నిలబెట్టాలా?

సుజాత_ఎడిసన్: గొప్పలా? మీకు సెలవు పెట్టడం ఇష్టం లేక వాళ్ల మోకాళ్ల మీదికి నెడుతున్నారు.

జెర్సీమామ: వీసా మీద ఉన్నవాడికి లేఆఫ్‌ల రోజుల్లో సెలవడగడం ఎంత టెన్షనో తెలుసా? నాకు దొరికేది శనివారాలే, అవీ క్యూల్లో పోతే నాన్నతో మాట్లాడేదెప్పుడు? ఫెర్రీలో రెయిలింగ్ పట్టుకుని మా తాత అప్పుల సంగతంతా చెప్పారు. ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు.

సుజాత_ఎడిసన్: అది ముందే చెప్పొచ్చుగా, మెట్ల లెక్క దేనికి? మా మామగారి పక్కన మాత్రం ఆ రోజు మాట్లాడే మనిషి లేడు.

కృష్ణాతీరం: ఫోన్ చేసి అడిగితే, నాన్న చేతిలోంచి అమ్మ ఫోన్ లాక్కుని దీవికే వెళ్దామంది. పీఠం టికెట్ వేరేనా?

జెర్సీమామ: వేరే, పరిమితంగా ఇస్తారు, ఇప్పుడే బుక్ చెయ్. మొదటి పడవ పట్టు. కిరీటం జోలికి పోకు.