పాట్సీ క్లైన్ రికార్డులను ఏ క్రమంలో వినాలి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
విజయవాడ ఆకాశవాణి లలిత సంగీతం వింటూ పెరిగిన నాకు, అమెరికా కంట్రీ (అక్కడి గ్రామీణ మూలాలున్న సంగీత శైలి) గాయని పాట్సీ క్లైన్ గొంతు ఈమధ్యే పరిచయమైంది. 1957లోనే పేరు తెచ్చుకున్న ఆమెకు మరో పెద్ద విజయం 1961 వరకు ఎందుకు రాలేదో, ఆ మధ్యకాలపు రికార్డులు వినదగినవో కావో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
ప్రధాన కారణం ఒప్పందమేనండి. 1954లో ఆమె సంతకం చేసిన ఫోర్ స్టార్ రికార్డు సంస్థ, తనకు హక్కులున్న పాటలనే పాడాలని షరతు పెట్టడంతో, అంతటి గొంతుకు చాలాసార్లు సాదాసీదా పాటలే దక్కాయి. 1960లో డెక్కా అనే మరో రికార్డు సంస్థకు మారాక, నాష్‌విల్‌లో నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ వయొలిన్లు, మృదువైన బృందగానం జోడించి ఆమె గొంతుకు తగిన పీట వేశారు. 1961 జూన్‌లో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన ఆమె, విల్లీ నెల్సన్ రాసిన ‘క్రేజీ’ రికార్డింగుకు వచ్చినప్పుడు పక్కటెముకల నొప్పితో పైస్థాయి స్వరాలు అందుకోలేకపోయారు. అందుకని వాద్యాలను ముందుగా రికార్డు చేసి, కొన్ని రోజుల తరువాత ఆమె గానాన్ని చేర్చారు. ఆ పాటలో నొప్పి జాడ ఎక్కడా వినిపించకపోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

జవాబు (పటమట, విజయవాడ):
పై వివరణతో ఏకీభవిస్తూనే, మధ్యకాలపు పాటలను వదలవద్దని మనవి, ఎందుకంటే సాహిత్యం పలుచనైన చోట కూడా ఆమె పలుకు నిండుగానే ఉంటుంది. 1963 మార్చి 5న విమాన ప్రమాదంలో 30 ఏళ్లకే కన్నుమూసిన ఆమెకు, జీవితకాలంలో వెలువడిన స్టూడియో ఆల్బములు మూడే. 1957, 1961, 1962 నాటి ఆ మూడింటినీ వరుసగా వినండి. సంకలనాల సంగతి తరువాత చూడవచ్చు.